జీను లేని ట్రాట్: ఎడమ వలయంలో ఆ నాలుగు సెంటీమీటర్లు

జీను లేకుండా గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాను, మళ్ళీ అదే గోల. ఎడమకు తిరిగే 20 మీటర్ల వ్యాసం వలయంలో ట్రాట్ (దుడుకు నడక, నడకకూ పరుగుకూ మధ్య వేగం) ఎత్తుకోగానే కూర్చున్న చోటు కుడికి జరగడం మొదలవుతోంది. చుట్టు పూర్తయ్యేసరికి ఎడమ తొడ వీపు మీదికి ఎక్కి, కుడి కాలు కిందికి వేలాడుతోంది. ఎంత చిరాగ్గా ఉన్నా, ఈసారి లెక్కలు మాత్రం చేతికొచ్చాయి.

మిగతావన్నీ దారిలో పడ్డాయి. 60 సెంటీమీటర్ల దిమ్మె మీంచి ఎక్కడం, నడక, పగ్గాలు లాగకుండా నడుముతో ఆపడం కుదిరాయి. తిన్నని దారిలో క్యాంటర్ (ట్రాట్ తర్వాతి వేగం, ఊగుతూ సాగే పరుగు) అయితే ట్రాట్ కంటే సుఖం.

గుర్రం రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ (రేసు గుర్రాల జాతి), ఆడది, ఎత్తు 15.3 హ్యాండ్లు, అంటే మూపు దగ్గర సుమారు 160 సెంటీమీటర్లు. మూపు ఎత్తు, వెన్నెముక పైకి తేలి ఉంటుంది. అందుకని రెండు సెంటీమీటర్ల మందం ఉన్ని నమ్దా (వీపు మీద పరిచే ఒత్తు దుప్పటి) వేసి పొట్ట పట్టీతో బిగిస్తున్నాను. రికాబులు (పాదాలు పెట్టుకునే కొండీలు) తగిలించిన బేర్‌బ్యాక్ ప్యాడ్లు, అంటే జీను బదులు వేసే మెత్తలు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కానీ కొనొద్దు. లోపల గట్టి చట్రం ఉండదు కాబట్టి కాలి బరువంతా పట్టీ దాటే చోట వెన్ను మీదే పడుతుంది. ఒక రికాబు మీద బరువు పెరిగితే ప్యాడ్ మొత్తం తిరగబడుతుంది. మెడకు మాత్రం కాన్పూర్ తోలు పట్టీ ఒకటి ఉండాల్సిందే. పట్టు తప్పినప్పుడు చెయ్యి దాని మీదికి వెళ్తే గుర్రం నోరు బతికిపోతుంది.

కొలిచిన పద్ధతి ఇది. నమ్దా నడిమి కుట్టు మీద బోర్డు సుద్దతో మందంగా గీత. వేసుకున్నది నల్ల కాటన్ ప్యాంటు. చుట్టు అయ్యాక కదలకుండా కూర్చుంటే సాయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) నమ్దా గీత నుంచి ప్యాంటు నడిమి కుట్టు దాకా టేపు పెట్టి కొలుస్తాడు. నమ్దా తానే జరిగిందేమో తెలియాలి కాబట్టి దాని అంచు వెంబడి గుర్రం వెంట్రుకల మీద కూడా ఒక గీత గీశాం. నమ్దా అరసెంటీమీటరు కూడా జరగలేదు, కాబట్టి పట్టీ వదులు అనే అనుమానం అక్కడితో తీరింది.

ఎడమ వలయం ఒక చుట్టుకు నాలుగు సెంటీమీటర్లు కుడికి. కుడి వలయంలో ఒక సెంటీమీటరు, అదీ కుడికే! అంటే వలయం లోపలికి. అంతే దూరం, 63 మీటర్లు, తిన్నగా పోతే రెండున్నర, మళ్ళీ కుడికే. ఇక్కడ లెక్క కుదిరింది. ఎటు పోయినా కుడికి లాగేది రెండున్నర. వలయం బయటికి తోసేది ఒకటిన్నర. ఎడమ వలయంలో రెండూ కలుస్తాయి, కుడి వలయంలో ఒకదాన్నొకటి తినేస్తాయి.

బయటికి తోసే ఒకటిన్నర అర్థమయ్యేదే. చుట్టు 18 సెకన్లు పడుతోంది, సెకనుకు 3.5 మీటర్లు. ఆ వేగానికి ఆ వలయంలో శరీరం ఏడు డిగ్రీలు లోపలికి వాలాలి. నేలకు నిటారుగా కూర్చుంటే బయటికి జారక తప్పదు. జీను ఉన్నప్పుడు బయటి రికాబు ఈ లోటును కప్పేస్తుంది.

అసలు తలనొప్పి ఆ రెండున్నర. ఇది గుర్రానిదా, మనిషిదా? రేసు గుర్రాలు ఎక్కువగా ఒకే దిక్కు తిరుగుతాయి కాబట్టి వీపు కండలు రెండు వైపులా సమానంగా ఉండకపోవచ్చని మొదటి అనుమానం. అదే గుర్రం మీద ఇంకో మనిషిని తిన్నగా పంపితే అరసెంటీమీటరు వచ్చింది. నేను వెడల్పు వీపున్న మార్వాడీ క్రాస్ (మార్వాడీ జాతి కలిసిన గుర్రం) మీద కూర్చుంటే రెండు. ముద్దాయిని నేనే అని తేలిపోయింది. గట్టి బల్ల మీద ఇంట్లో బరువు చూసుకునే డిజిటల్ మిషన్లు రెండు పక్కపక్కన పెట్టి, కాళ్ళు వేలాడేసి కూర్చుని చూశాను. కుడి వైపు 34 కిలోలు, ఎడమ 28.

ఎడమ వైపు బరువు నొక్కితే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. ఎడమకు నొక్కబోతే ఎడమ పక్కటెముకలు నడుము మీదికి ముడుచుకుపోయి, తుంటి ఇంకా కుడికి తన్నుకుంటుంది. కొలత ఐదు దాటింది. మోకాళ్ళు బిగిస్తే మరీ ఘోరం. శరీరం పైకి తేలుతుంది, పిక్కలు తగిలి గుర్రం వేగం పెంచుతుంది. ఇప్పటిదాకా పనిచేసింది ఒక్కటే. గుర్రాన్ని పొడవు తాడు మీద సాయీసు తిప్పుతుండగా ఎడమ చెయ్యి చెవి పక్కనుంచి నిటారుగా ఎత్తి ఉంచడం. ఎడమ పక్క సాగి, ఎడమ పిరుదు ఎముక దానంతట అదే కిందికి దిగుతుంది. రెండు సెంటీమీటర్లకు తగ్గింది. చెయ్యి దించిన సగం చుట్టుకే మళ్ళీ మొదటికొస్తోంది.

ప్యాంటు సంగతి. డెకాథ్లాన్ ఫూగాంజాలో సీటుకు సిలికాన్ చుక్కలున్న బ్రీచెస్ స్వారీకి మంచివే. నేర్చుకునేటప్పుడు మాత్రం వద్దంటాను. బట్ట అతుక్కుని లోపల తుంటి జరిగిపోతుంటే తెలియదు. మామూలు కాటనే నిజం చెబుతుంది.

ఇకపై పని ఇలా: గుర్రం పది అడుగులు వేసేదాకా చెయ్యి ఎత్తి, ఇంకో పది అడుగులు వేసేదాకా దించి, దించిన భాగం కొద్దికొద్దిగా పెంచడం. ఇంట్లో కుడి పిరుదు ఎముక కింద మడత తువ్వాలు పెట్టి, ఎడమ పక్క సాగేలా రోజూ కాసేపు కూర్చోవడం. వలయం 20 మీటర్ల నుంచి 15కి కుదిస్తే వేగం అదే ఉన్నా వాలు తొమ్మిది డిగ్రీలు దాటుతుంది, కాబట్టి ఇప్పుడే వద్దు. ఎడమ వలయంలో చెయ్యి ఎత్తకుండా రెండు సెంటీమీటర్లలోపు వచ్చాకే ఆ వైపు క్యాంటర్. ఈలోగా నమ్దా తీసేసి వట్టి వీపు మీద కూడా కొలవాలి. ఈ ఎండకి పావుగంటలోనే చెమట పట్టి వెంట్రుకలు నున్నగా అయిపోతున్నాయి, పొద్దున ఆరు గంటలకే మొదలెడితే తప్ప ఆ కొలత నమ్మడానికి లేదు.