కామెల్ ట్రెయిల్‌కి మా సైకిళ్లతో

ఇంగ్లండ్‌లో ఉంటూ సైకిలు తొక్కడం ఇష్టపడేవాళ్లు కార్న్‌వాల్‌లోని కామెల్ ట్రెయిల్ తప్పక చూడాలి. బాడ్మిన్ వైపు నుంచి వేడ్‌బ్రిడ్జ్ మీదుగా ప్యాడ్‌స్టో దాకా పాత రైలు కట్ట మీద వేసిన దారి అది. ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు, కార్లు రావు. సైకిళ్లు అక్కడే అద్దెకి కూడా దొరుకుతాయి. కానీ మోకాలి నొప్పి వల్ల నాకు నా ఎలక్ట్రిక్ సైకిలే సుఖం, మా అమ్మాయికి తన సైకిలంటే ప్రాణం. అందుకే ఈ వేసవిలో మూడు సైకిళ్లనీ కారు వెనక పెట్టుకుని రెడింగ్ నుంచి బయల్దేరాం.

ఫోన్లో నాన్నకి చెబితే, "టాపు మీద తాళ్లేసి కట్టెయ్యండమ్మా, మన బస్సుల మీద కట్టేవాళ్లుగా" అన్నారు. టాపు మీద పెట్టే ర్యాకులు ఇక్కడా ఉన్నాయి. అయితే 24 కిలోల సైకిల్ని తల పైకెత్తి నిలబెట్టడం నా వల్లా కాదు, మా ఆయన వల్లా కాదు. పైగా ఇక్కడ చాలా కార్ పార్కుల ముందు ఎత్తైన బండ్లు లోపలికి పోకుండా అడ్డకమ్మీ ఉంటుంది. డిక్కీ తలుపుకి పట్టీలతో తగిలించే రకం చవకే, కానీ ఎలక్ట్రిక్ సైకిల్ బరువుని అది మోయలేదు. ఇక మిగిలింది టో బార్‌కి, అంటే ట్రైలర్ లాగడానికి కారు వెనక ఉండే కమ్మీకి, బిగించే ర్యాక్.

కొట్లో ముందుగా అడిగేది ఎన్ని సైకిళ్లు అని. నన్నడిగితే ఎన్ని కిలోలు అన్నదే అసలు ప్రశ్న. టో బార్ మీద చిన్న రేకు ఉంటుంది. దాని మీద 'ఎస్' అక్షరం పక్కనున్న అంకె, టో బాల్, అంటే ఆ కమ్మీ చివరనున్న ఇనుప గుండు, ఎంత బరువు మోయగలదో చెబుతుంది. మాది 75 కిలోలు. కారు హ్యాండ్‌బుక్‌లోనూ ఓ అంకె ఉంటుంది, రెండింట్లో ఏది తక్కువైతే అదే హద్దు. ర్యాక్ బరువే 19 కిలోలు కాబట్టి సైకిళ్లకి మిగిలింది 56. నాది 24, ఆయనది 14, అమ్మాయిది 11, వెరసి 49. నా బ్యాటరీ తీసి కార్లో పెడితే ఇంకో మూడు కిలోలు తగ్గింది. రెండో ఎలక్ట్రిక్ సైకిలు ఉండి ఉంటే నాలుగు సైకిళ్ల ర్యాక్ కొన్నా మా కారుకి కష్టమే.

ర్యాక్ పెట్టె మీది సైకిల్ బొమ్మల కంటే, ర్యాక్‌ని టో బాల్‌కి పట్టి ఉంచే క్లాంపు చూసి కొనండి. మేం బాల్‌కున్న గ్రీజంతా గుడ్డతో తుడిచి, పొడిగా మెరిసేదాకా రుద్దాం. క్లాంపు పట్టు బాల్‌తో రాపిడి మీదే ఆధారపడుతుంది, జిడ్డుంటే ర్యాక్ పక్కకి తిరుగుతుంది. క్లాంపు బిగించే లివర్ తేలిగ్గా దిగిందంటే పట్టు చాలనట్టే. నట్టు కొంచెం బిగించి మళ్లీ నొక్కితే, మా ఆయన ఒంటి బరువంతా వేశాకగానీ 'టక్'మని పడలేదు. బరువైన నా సైకిలు కారుకి ఆనుకుని లోపలి పట్టాలో, అమ్మాయిది అన్నిటికంటే బయట.

ర్యాక్ అడ్డొచ్చి కారు నంబర్ ప్లేటు, లైట్లు కనబడవు కాబట్టి ర్యాక్ మీదే ఇంకో పసుపు ప్లేటు, లైట్లు ఉండాలి. లేకపోతే వెయ్యి పౌన్ల దాకా జరిమానా పడొచ్చు. ప్లేటు చేయించడానికి కారు కాగితాలు, గుర్తింపు కార్డు చూపించాం. ర్యాక్ లైట్లకి కారు నుంచి కరెంటు అందించే ప్లగ్గుకి 13 పిన్నులు. కారు సాకెట్టు ఏడు పిన్నులదైతే అడాప్టర్ కావాలి.

ఎం4 మోటర్‌వే ఎక్కి చీవ్లీ దగ్గర ఆగి పులిహోర తిని, పట్టీలన్నీ మరోసారి లాగి చూశాం. బ్రిస్టల్ దాటుతూ ఏవన్‌మౌత్ వంతెన మీద పక్కగాలి కొట్టింది. అద్దంలో సైకిళ్లు కాస్త ఊగాయి, ర్యాక్ మాత్రం కదల్లేదు. ఎక్సెటర్ నుంచి ఏ30 రోడ్డు పట్టుకుని బాడ్మిన్ దాటి వేడ్‌బ్రిడ్జ్ చేరాం.

మర్నాడు ట్రెయిల్. కుడి పక్కన నది వెడల్పవుతూ వెడల్పవుతూ చివరికి ఇసుక తిన్నెలైపోతుంది. 1899లో ప్యాడ్‌స్టో దాకా వచ్చిన రైలు 1967లో ఆగిపోయింది. ఒకప్పుడు లండన్ వాటర్లూ నుంచి అట్లాంటిక్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ బోగీలు ఇక్కడిదాకా వచ్చేవి. ఊరు చేరేముందు లిటిల్ పెథరిక్ క్రీక్ మీద పాత రైలు ఇనుప వంతెన దాటుతుంటే మా అమ్మాయి బెల్లు కొడుతూనే ఉంది.

క్యాంపులో మా పక్కన మోటర్‌హోమ్ (ఇల్లులాంటి బండి) పెట్టుకున్న దంపతులతో ర్యాకుల మాట వచ్చింది. వాళ్ల బండిలో టో బార్ వెనక చక్రాలకి రెండు మీటర్ల వెనక ఉంది, ముందు వెనక చక్రాల మధ్య దూరం నాలుగు మీటర్లు. అంత వెనక 60 కిలోలు పెడితే వెనక యాక్సిల్ (ఇరుసు) మీద 90 కిలోలు పడుతుంది, ముందు యాక్సిల్ మీద 30 తగ్గుతుంది. ఆయన ఇసుకలో పుల్లతో గీసి మరీ చూపించారు. మొత్తం బరువు వాళ్ల బండి హద్దు 3,500 కిలోల లోపే ఉన్నా, వెనక యాక్సిల్ హద్దు దాటిపోవచ్చన్న మాట. అందుకే సామానుతో సహా బండిని వేబ్రిడ్జి ఎక్కించి తూయించారట. వెనకున్న నీళ్ల ట్యాంకు వంద లీటర్లది. సైకిళ్లు ఎక్కించిన రోజున దాన్ని ఖాళీ చేసి బయల్దేరి, దిగిన చోటే నింపుకుంటారు.