నడిమిశాల దాటకముందే: ఆరు నెలల టీబీ మందు, దేవుని కాలం

గళ్ల పరీక్షలో టీబీ అని తేలేసరికి నాకు దగ్గు మొదలై ఏడు వారాలైంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లవారుజామున దిండు తడిసే చెమట, 58 కిలోలకు దిగిపోయిన బరువు. ఊపిరితిత్తుల టీబీ, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకం. ఆరు నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా మందు వాడాలన్నారు. అదే వారం మా చర్చి సంఘంలో నాకు వినిపించిన మాట వేరు: దేవుని సమయం వచ్చిందంటే ఒక్క క్షణం చాలు. ఈ రెండు మాటలకూ తగువు లేదని నేను నిండుగా నమ్ముతున్నాను. తగువు పెట్టడం వల్లే కొందరు విశ్వాసులు రెండో నెలలో మందు మానేస్తారు. అందుకే జబ్బు సంగతి, దేవుని కాలం సంగతి కలిపి రాస్తున్నాను.

ముందు క్రిమి సంగతి. పేగుల్లో ఉండే మామూలు బాక్టీరియా అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. టీబీ క్రిమికి ఆ పనికే పదిహేను నుంచి ఇరవై గంటలు పడుతుంది. దాని ఒంటిమీద మైనంలాంటి మందపాటి పొర ఉంటుంది, తిండి అందనప్పుడు ఎదుగుదల ఆపేసి పడుకోగలదు. అందుకే దీని లెక్కలన్నీ నెమ్మది. జీన్ పరీక్ష యంత్రం క్రిమి జన్యువును వెతుకుతుంది కాబట్టి సుమారు రెండు గంటల్లో చెప్పేస్తుంది. అదే గళ్లను ద్రవంలో పెంచి చూసే పరీక్షలో ఏమీ పెరగలేదని తేల్చడానికి 42 రోజులు ఆగాలి. గళ్లకు రెండు డబ్బాలు ఇస్తారు, ఒకటి అప్పటికప్పుడు, ఇంకొకటి మర్నాడు పొద్దున లేవగానే. చాలామంది ఉమ్మి ఇచ్చేస్తారు, పరీక్ష తప్పుదారి పట్టేది అక్కడే. నోరు మంచినీళ్లతో పుక్కిలించి, రెండు మూడుసార్లు లోతుగా గాలి పీల్చి, రొమ్ములోంచి దగ్గి తీయాలి. అదీ ఆరుబయట, పక్కన ఎవరూ లేనప్పుడు.

మందు సంగతి. ఇటుక రంగు మాత్ర ఒక్కోదానిలో నాలుగు మందులు: ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరాజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు. ఎన్ని వేసుకోవాలన్నది బరువును బట్టి నిర్ణయిస్తారు. నాకు రోజుకు నాలుగు. నాలుగూ ఒకేసారి, పరగడుపున, ఆ తర్వాత ఓ గంట ఆగి తిండి. అన్నంతో కలిపి మింగితే రిఫాంపిసిన్ ఒంటికి సరిగా పట్టదు. అల్యూమినియం ఉన్న గ్యాస్ మందు వెంటనే తాగితే ఐసోనియాజిడ్ దెబ్బతింటుంది. ఇలా 56 రోజులు. తర్వాత పైరాజినమైడ్ తీసేసిన మాత్ర 112 రోజులు. మొత్తం 168 మోతాదులు.

మొదటి రోజే మూత్రం నారింజ రంగులో వస్తుంది. రక్తమని హడలిపోవద్దు, అది రిఫాంపిసిన్ రంగు. కన్నీళ్లకు, చెమటకు కూడా ఆ ఛాయ అంటుతుంది. అరికాళ్ల తిమ్మిరి ఐసోనియాజిడ్ వల్ల, దానికి బి6 మాత్ర ఇస్తారు. కీళ్ల నొప్పి పైరాజినమైడ్ వల్ల. ఎరుపు, ఆకుపచ్చ రంగులు తేడా తెలియకపోతే అది ఇథాంబుటాల్ పని, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. కళ్లు పసుపెక్కినా, వాంతులు ఆగకపోయినా, అన్నం చూస్తేనే వెగటు పుట్టినా కాలేయం దెబ్బతింటోందేమో చూపించుకోవాలి. సొంతంగా మానేయకూడదు, సొంతంగా కొనసాగించకూడదు.

ఇక అసలు ప్రమాదం బాగున్నప్పుడే వస్తుంది. మూడు వారాలకు జ్వరం పోతుంది, ఆకలి తిరిగొస్తుంది. మొదటి రెండు నెలల్లో వేగంగా పెరిగే క్రిములు చాలావరకు చచ్చిపోతాయి. మిగిలేవి నిద్రపోతున్నవి. అవి అప్పుడప్పుడు కొంచెం మేలుకుంటాయి, ఆ మేలుకున్న ఘడియలో రిఫాంపిసిన్ రక్తంలో ఉండాలి. అది ఏ రోజో ఎవరికీ తెలియదు కాబట్టే ప్రతిరోజూ వేసుకోవాలి. సరిగ్గా ఈ రెండో నెలలోనే సాక్ష్యం చెప్పమని పిలుస్తారు, స్వస్థత అయిపోయిందని చప్పట్లు కొడతారు. ఇంటికొచ్చి మాత్రల అట్ట పక్కన పడేసినవాడికి జబ్బు తిరగబెడుతుంది, కొన్నిసార్లు మందుకు లొంగని రూపంలో.

దేవుని కాలం గురించి మన ప్రసంగాల్లో తరచు దొర్లే తప్పులు ఈ రెండో నెలకే వచ్చి అంటుకుంటాయి. ఒకటి కూడికలు, గుణకారాలు. ప్రభువు దృష్టికి ఒక దినము వెయ్యి సంవత్సరముల వంటిదని రెండవ పేతురు 3:8లో ఉంది కదా, దాన్ని మారకపు రేటులా వాడతారు. ఆ వచనం అక్కడితో ఆగదు, వెయ్యేళ్లు ఒక దినం వంటివనీ అంటుంది. 90వ కీర్తన అదే వెయ్యేళ్లను రాత్రి జాముతో పోలుస్తుంది. పాత నిబంధన కాలంలో రాత్రికి మూడు జాములు, అంటే జాముకు సుమారు నాలుగు గంటలు. ఒక చోట వెయ్యేళ్లు ఒక రోజు, ఇంకో చోట నాలుగు గంటలు. లెక్క కుదరదు, ఎందుకంటే అది లెక్క కాదు. "వలె" అన్న మాట ఊరికే పెట్టలేదు. దేవుని గడియారం మనదానికన్నా వేగమూ కాదు, నెమ్మదీ కాదు. ఆయన అసలు గడియారం లోపలే లేడు.

రెండోది గ్రీకు మాటల సంగతి. క్రోనోస్ అంటే మనుషుల కాలం, కైరోస్ అంటే దేవుని కాలం అని ఎన్నో వేదికల మీద చెబుతారు. వినడానికి బాగుంటుంది, కానీ కొత్త నిబంధన అలా గీత గీయలేదు. గలతీయులకు 4:4లో కాలము పరిపూర్ణమైనప్పుడు దేవుడు తన కుమారుని పంపెనన్న చోట ఉన్న మాట క్రోనోస్. లూకా 4:13లో అపవాది కొంతకాలం విడిచిపోయాడన్న చోట ఉన్నది కైరోస్. అపొస్తలుల కార్యములు 1:7లో కాలములూ సమయములూ రెండూ తండ్రి స్వాధీనంలోనే ఉన్నాయి. మాత్ర వేసుకునే మామూలు పొద్దు ఆయనది కాదని, ఎప్పుడో వచ్చే మెరుపు ఘడియ మాత్రమే ఆయనదని అనుకోవడానికి లేఖనంలో ఆధారం లేదు.

నాలుగో శతాబ్దం చివర అగస్టీను అనే బిషప్పు తన 'ఒప్పుకోళ్లు' పుస్తకం పదకొండో భాగంలో దీన్నే పట్టుకుని పెనుగులాడాడు. కాలం కూడా సృష్టిలో భాగమే, కాబట్టి సృష్టికి ముందు దేవుడు ఏం చేస్తున్నాడన్న ప్రశ్నలో "ముందు" అన్న మాటకు చోటు లేదన్నాడు. ఆరో శతాబ్దంలో రోమా తత్వవేత్త బొయీథియస్, మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ చెరలో రాసిన పుస్తకంలో, నిత్యత్వమంటే అంతులేని జీవాన్ని మొత్తంగా, ఒక్కసారిగా కలిగి ఉండటమని చెప్పాడు. మనకు నిన్న జారిపోయింది, రేపు ఇంకా చేతికి రాలేదు. ఆయనకు ఏదీ జారదు. దీనికి ఒప్పుకోని పండితులూ ఉన్నారు. బైబిలు చెప్పే నిత్యత్వం అంతంలేని కాలమే గాని కాలం లేకపోవడం కాదని ఆస్కార్ కుల్మాన్ 1946లో వాదించాడు. నా మనసు బొయీథియస్ వైపే ఉంది, అయితే ఏ పక్షమైనా ఒక సంగతి దగ్గర కలుస్తుంది: ఆ కాలాతీతుడే మన కాలంలోకి వచ్చి, ఒక రోమా అధిపతి కింద, ఒక శుక్రవారం చనిపోయాడు. అందుకే ఆ అధిపతి పిలాతు పేరు మన విశ్వాస ప్రమాణంలో నిలిచిపోయింది.

జబ్బుపడ్డవాడికి యూదా రాజు హిజ్కియా కథను మించిన పాఠం లేదు. రెండవ రాజులు 20వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. రాజుకు మరణకరమైన రోగం వచ్చింది. ఇల్లు చక్కబెట్టుకో, చనిపోతావు అని ప్రవక్త యెషయా చెప్పి బయలుదేరాడు. రాజు గోడతట్టు ముఖం తిప్పుకుని ఏడ్చి ప్రార్థించాడు. యెషయా నడిమిశాల దాటకముందే దేవుని వాక్కు వచ్చింది: నీ ప్రార్థన విన్నాను, నిన్ను బాగుచేస్తాను. జవాబు వచ్చింది అంత త్వరగా. కానీ రాజు మందిరానికి ఎక్కేది మూడో రోజు. ఆయుష్షుకు కలిపింది 15 ఏళ్లు. గుర్తుగా, నీడను బట్టి పొద్దు చూసే ఆహాజు మెట్ల మీద నీడ పది మెట్లు వెనక్కు నడిచింది. మధ్యలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ఒకే సంగతిలో నాలుగు కాలాలు: నడిమిశాల దాటేంత, మూడు రోజులు, పదిహేనేళ్లు, వెనక్కు నడిచిన నీడ. నీడను వెనక్కు తిప్పగలవాడు పుండును మూడు రోజులు మాననిచ్చాడు, పైగా పట్టీ వేయించాడు. అంజూరపు ముద్ద అవిశ్వాసమని ప్రవక్త అనుకోలేదు. 168 మోతాదులూ నాకు ఆ ముద్దే. ఉపవాస ప్రార్థన రోజున కూడా మాత్ర ఆపకూడదని, ఇంత బరువు తగ్గినవాళ్లు అసలు ఉపవాసమే ఉండకూడదని కాపరులు వేదిక మీదనుంచే చెబితే ఎంత మేలో.

ఇక స్థలం. మొదటి రెండు వారాలు వేరే గది, ఎదురెదురు కిటికీలు తెరిచి, నోటికి మాస్కు. మందు సరిగ్గా పడుతుంటే ఆపాటికి అంటించే గుణం బాగా తగ్గుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లకు పరీక్ష, అవసరమైతే ముందు జాగ్రత్త మందు ఇప్పించాలి. ఆదివారం ఆరాధన, ప్రభువు బల్ల లేని గది అది. దేవుడు గుడిలో ఎక్కువ, ఇక్కడ తక్కువ అనిపిస్తుంది. అగస్టీను ఒకప్పుడు ఇలాంటి ఊహలోనే పడ్డాడు. దేవుడు లోకమంతా గాలిలా పరచుకుని ఉంటే పిచ్చుక ఒంట్లో కన్నా ఏనుగు ఒంట్లో దేవుడు ఎక్కువ ఉండాలి కదా అని తర్వాత తన తప్పు తానే పట్టుకున్నాడు. దేవుడు ముక్కలుగా పంచబడి లేడు. ఎక్కడున్నా నిండుగా ఉన్నాడు. ఆకాశ మహాకాశములు ఆయనను పట్టజాలవని మందిర ప్రతిష్ఠ రోజునే సొలొమోను ప్రార్థించాడు. తలుపులు మూసిన గదిలో, గాయాల గుర్తులున్న చేతులతో, శిష్యుల మధ్య ప్రభువు నిలిచాడని యోహాను 20వ అధ్యాయం చెబుతుంది.

స్థలం సంగతి వైద్యం కూడా ఆలస్యంగానే నేర్చుకుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ సంఘాలు కలిసి నడిపిన టీబీ శానటోరియం 1915లో తెరుచుకుంది. మందులు లేని రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, తిండే చికిత్స. ఆ తర్వాత మద్రాసులో చేసిన పరిశోధన ఫలితం 1959లో వచ్చింది: సరిగ్గా మందు వాడితే ఇంట్లో ఉన్న రోగీ, శానటోరియంలో ఉన్న రోగీ దాదాపు ఒకేలా కోలుకున్నారు, ఇంటివాళ్లకు అదనపు ముప్పూ కనబడలేదు. చోటు కన్నా మాత్ర తప్పకపోవడమే ముఖ్యమని తేలింది.

యోహాను 4వ అధ్యాయంలో కాలమూ స్థలమూ రెండూ ఉన్నాయి. ప్రధాని, అంటే రాజు కొలువులోని ఒక అధికారి, కొడుకు కపెర్నహూములో సరస్సు ఒడ్డున జ్వరంతో ఉన్నాడు. తండ్రి కొండల్లోని కానాకు వచ్చి యేసును రమ్మని బతిమాలాడు. యేసు వెళ్లలేదు. నీ కుమారుడు బ్రదికియున్నాడు, వెళ్లు అన్నాడు. మర్నాడు దారిలో దాసులు ఎదురొచ్చారు. ఏ గంటకు నెమ్మదించిందని తండ్రి అడిగాడు. గ్రీకులో ఏడో గంట, మన బైబిల్లో నిన్న ఒంటి గంటకు. యేసు మాట్లాడిన గంట అదే. జ్వరం విడిచిన గంటకూ తండ్రికి తెలిసిన గంటకూ మధ్య ఒక రాత్రి ఉంది. ఆ రాత్రి అతని చేతిలో ఉన్నది ఒక మాట మాత్రమే, దాన్ని పట్టుకుని నడిచాడు. నా ఒంట్లో చివరి క్రిమి ఏ గంటకు చచ్చిందో నాకు తెలియదు. ఏ డాక్టరూ చెప్పలేడు.

మందు పూర్తయ్యాక 6, 12, 18, 24 నెలలకు మళ్లీ చూపించుకోవాలి. ఇదీ చాలామంది వదిలేస్తారు. నాకు మొదటి రెండూ అయ్యాయి, గళ్లలో ఏమీ లేదు, బరువు 66 కిలోలు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన బియ్యపు గింజంత తెల్లటి గీత మిగిలింది. మానిన చోటు అలాగే కనిపిస్తుందట.