నాయన చెవికి రెండు మైకులు: ఇంతవరకు అయిన పని

మా నాయనకు ఇంట్లో మాట బాగానే వినబడుతుంది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర టీ అంగడికి పోతే మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా అందదు. ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినబడుతుందో చూపే గీత) తీయిస్తే 2 కిలోహెర్ట్జ్ పైన, అంటే సన్నటి శబ్దాల దగ్గర, గీత కిందికి జారింది. సౌండు పెంచి లాభం లేదు, ఆటో హారనూ అంతే పెరుగుతుంది. రొద తగ్గి మాట మిగలాలి. అందుకే ఎదుటి మాటను ఉంచి వెనక రొదను తీసేసే చిన్న వినికిడి పరికరం నేనే చేస్తున్నా.

బోర్డు ఈఎస్‌పీ32 (చిన్న కంప్యూటర్ చిప్పు), మైకులు ఐఎన్‌ఎంపీ441 అనే చిన్న డిజిటల్ మైకులు రెండు. ఒకదాని ఎల్/ఆర్ (ఎడమ/కుడి) పిన్ను గ్రౌండుకు, రెండోదానిది 3.3 వోల్టులకు కలిపితే రెండూ ఒకే డేటా తీగ మీద వస్తాయి. శాంపుల్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలవాలో, కావాలనే 16 కిలోహెర్ట్జ్ (16,000 సార్లు) పెట్టాను. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, అంటే ఒక్క శాంపుల్ వ్యవధిలో 21 మిల్లీమీటర్ల పైచిలుకు. మైకులను అంతే ఎడంగా, ముందూ వెనకా పెట్టి, వెనకదాని సిగ్నల్‌ను ఒక్క శాంపుల్ ఆపి ముందుదాంట్లోంచి తీసేస్తే వెనక నుంచి వచ్చే శబ్దం రద్దవుతుంది. కోడ్‌లో ఒక్క లైను! ఎడం కొలవాల్సింది రంధ్రం నుంచి రంధ్రానికి. ఈ మైకు రంధ్రం చిప్పు వైపు ఉండదు, బోర్డు అడుగున ఉంటుంది.

తిరకాసంతా కింది ఫ్రీక్వెన్సీలలో ఉంది. 4 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 500 హెర్ట్జ్ దగ్గర ముందు నుంచి వచ్చే శబ్దం దాదాపు 14 డెసిబెల్స్ పడిపోతుంది. ఫిల్టరుతో పూర్తిగా లేపితే మైకు సొంత బుస్సు కూడా లేస్తుంది కాబట్టి సగమే లేపాను. గొంతు పాత రేడియో మాదిరి పలచగా ఉంది గానీ స, ష, చ స్పష్టంగా పడుతున్నాయి. ఆయన చెవికి అందనివి అవే.

ఆలస్యం గురించే టెన్షన్. 64 శాంపుళ్లు పోగయ్యేదాకా ఆగే బఫరు ఒక్కటే 4 మిల్లీసెకన్లు. మొత్తం 10 దాటితే నేరుగా వినబడే మాటా, పరికరం నుంచి వచ్చేదీ ఢీకొంటాయి. రొద తీసేసే ఆర్‌ఎన్‌నాయిస్ లాంటి న్యూరల్ నెట్‌వర్కుకు ఒక్క ఫ్రేమే (ఒకసారి తీసుకునే శబ్దం ముక్క) 10 మిల్లీసెకన్లు, అందుకే దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

అంగడిలో నాయనను రోడ్డుకు వీపు పెట్టి కూర్చోబెట్టాం, ఎదురుగా చిన్నాయన. "బస్సు సద్దు తగ్గిందప్పా. కానీ యా దిక్కు నుంచి మాట్లాడ్తాండారో తెలీలేదు" అన్నాడు నాయన. నిజమే, రెండు చెవులకూ ఒకే సిగ్నల్ ఇచ్చాను. దిక్కు తెలియాలంటే రెండు చెవుల మధ్య సమయంలో, బలంలో తేడా ఉండాలి. ఇప్పుడు ఒక చెవికే ఇయర్‌ఫోన్, రెండోది ఖాళీ. అంగడి లోపల, రేకుల కింద మాత్రం లాభం తక్కువ. వెనక రొద రేకులకు తగిలి ముందు నుంచే వస్తుంది, దాన్ని ఈ పద్ధతి ఆపలేదు.

లిమిటరు (సౌండు ఒక హద్దు దాటకుండా ఆపేది) లేకుండా దీన్ని ఎవరి చెవికీ తగిలించొద్దు. పక్కనే లారీ హారన్ కొడితే ఉన్న వినికిడి కూడా పోతుంది.

ఇక మిగిలింది గాలి. రెండు మైకుల తేడా తీసే పద్ధతికి గాలి పెద్ద శత్రువు, మాదేమో ఆషాఢం గాలికి చెప్పులు కూడా ఎగిరిపోయే ఊరు. ఈ వారం స్పాంజి తొడుగులు మందం మార్చి చూస్తున్నా.