తోలుగుడ్డు

ఆదివారం, రాత్రి

పొద్దున్న ఎర్రపెట్ట గంపలో తోలుగుడ్డు పెట్టింది. పెంకు లేదు. పలచటి పొర ఒకటే, లోపల సొన అటూ ఇటూ కదులుతోంది. పట్టుకుంటే ఎక్కడ చిట్లుతుందోనని రెండు చేతుల్లో పెట్టుకుని వంటింట్లోకి తెచ్చాను. అమ్మ చూసి, "దానికి సున్నం చాలట్లేదే. ఎండబెట్టిన పెంకులున్నాయిగా, నూరి తౌడులో కలిపి పెట్టు" అంది.

రోట్లో పెంకులు నూరుతున్నంతసేపూ కన్ఫ్యూషియసోర్నిసే గుర్తొచ్చింది. నెల రోజులుగా దాని గురించే చదువుతున్నాను మరి.

చైనా ఈశాన్యాన లియావోనింగ్‌లో దొరికిన పక్షి అది. 1995లో ప్రాచీన తత్వవేత్త కన్ఫ్యూషియస్ పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు. సుమారు 12.5 కోట్ల ఏళ్ల కిందటిది, కాకంత ఉంటుంది. పళ్లు లేని ముక్కు ఇప్పటి పక్షులదే అనిపిస్తుంది. రెక్కలకు మాత్రం గోళ్లున్న వేళ్లు మూడేసి. అగ్నిపర్వతాల బూడిద పడిన చెరువుల అడుగున ఇవి వందల కొద్దీ, చాలావరకు ఈకలతో సహా, రాళ్లలో మిగిలాయి. కొన్నింటి తోకకు రిబ్బన్లలా రెండు పొడుగాటి ఈకలుంటాయి, కొన్నింటికి ఉండవు. ఈకలున్నవి మగవేనా అని ఏళ్ల తరబడి వాదన నడిచింది.

2013లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త అనసూయ చిన్సామీ, ఆమెతో పనిచేసినవాళ్లు ఆ పొడుగు ఈకలు లేని ఒక పక్షి ఎముకను మైక్రోస్కోపు కింద చూశారు. (అనసూయ అన్న పేరు చూడగానే ఎంత దగ్గరగా అనిపించిందో!) ఎముక బోలులో ఇంకో ఎముక పొర కనిపించింది. గుడ్లు పెట్టే రోజుల్లో ఆడపక్షులకే అది ఏర్పడుతుంది. పెంకుకు కావలసిన కాల్షియం అందులో దాచుకుంటాయి. గుడ్లు పెట్టడం అయిపోయాక ఆ పొర కరిగిపోతుంది.

అంటే అది ఆడది. ఈకలున్నవి మగవే అన్న వాదనకు దాంతో బలం వచ్చింది. కానీ నన్ను వదలనిది ఆ పొర కరగలేదన్న సంగతి. గుడ్లు పెట్టే రోజుల్లోనే చనిపోయిందా పక్షి. పెంకు కట్టాల్సిన సున్నం ఒంట్లో అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం కాస్త పడుకుందామనుకున్నా, నిద్ర పట్టలేదు.

ఎర్రపెట్ట తౌడంతా తినేసింది. చిప్ప అడుగున పెంకు నలుసు ఒక్కటీ మిగల్చలేదు. చీకటి పడ్డాక గంప కింద మూసి, పైన రాయి పెట్టి వచ్చాను. రేపు అమ్మకంటే ముందే లేచి గంప తీసి చూడాలి.