వేడి మీద కొలత

ఏప్రిల్, మంగళవారం.

పదకొండింటికే షెడ్డు గోడ మీది థర్మామీటరు 36 చూపించింది. విశాఖలో ఎండని తట్టుకోవచ్చు గానీ ఉక్కని తట్టుకోలేం. పైన రేకులు, కింద లేతులు (ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మెషీన్లు), వాటి ముందు ఇరవై మంది పిల్లలు. అందరూ పదహారు పదిహేడేళ్ల వాళ్లే. పదో తరగతి పాసయ్యి, ఇంటర్లో చేరకుండా ఐటీఐలో టర్నర్ ట్రేడుకి, అంటే లేతు పనికి, వచ్చినవాళ్లు. రెండేళ్ల కోర్సు, ఇది రెండో ఏడాది. కాబట్టి ఇప్పుడు వాళ్ల చేతికిచ్చే జాబుల్లో (చెక్కి సైజుకి తేవాల్సిన ముక్కల్లో) మిల్లీమీటర్ల లెక్క ఉండదు. అంతా అందులో వందో వంతుల గొడవే.

పొద్దున్నే ఒకసారి గొంతు చించుకున్నాను. రోజు మొదలవడమే అలా మొదలైంది. మూడో లేతు మీద ఒకడు చక్‌లో, అంటే ముక్కని పట్టుకుని తిప్పే భాగంలో, జాబు బిగించి, దాన్ని బిగించే చక్ కీ అందులోనే వదిలేసి, స్విచ్ వైపు చెయ్యి చాపాడు. నేను రెండు లేతుల అవతల ఉన్నాను. "ఒరేయ్!" అన్న కేకకి షెడ్డంతా ఆగిపోయింది. గుమ్మం దగ్గర పడుకున్న కుక్క కూడా లేచి బయటికి పోయింది. ఆ కీ అలాగే ఉండగా చక్ తిరిగితే అది ఎగిరి ఎటు పోతుందో, ఎవరికి తగులుతుందో చెప్పలేం. నా దగ్గర రూలు ఒక్కటే: కీ చక్‌లో ఉన్నంతసేపూ దాని మీద చెయ్యి ఉండాలి. చెయ్యి తీశావంటే కీ కూడా బయటికి వచ్చెయ్యాలి. ఇందులో నేర్చుకోవడానికి తప్పు చేసి చూసే అవకాశం లేదు. వాడి మొహం వాడిపోయింది. వాడిపోనీ అనుకున్నాను.

ఇది రాస్తున్నది ఎందుకంటే, రెండు గంటల తర్వాత ఇంకొకడు తప్పు చేస్తుంటే కళ్లారా చూసి కూడా నోరు మూసుకున్నాను. ఇప్పుడు రాత్రి పదయింది, అదే ఇంకా తొలుస్తోంది.

వాడు అనకాపల్లి నుంచి రోజూ బస్సులో వస్తాడు. చెయ్యి మంచిది. నాతో పాటు అందరూ అంటారా మాట, అదే వాడికి చేటు. ఇవాళ వాడి జాబు 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న షాఫ్టు (గుండ్రటి కడ్డీ), డ్రాయింగులో చిన్న హెచ్7 (h7) ఫిట్టు. అంటే 50కి మించకూడదు, 49.975కి తగ్గకూడదు. ఉన్న సందు పాతిక మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు). మన తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదది. పక్కవాడి కంటే ముందు ముగించాలని కార్బైడ్ టూలు పెట్టి, నిమిషానికి 500 చుట్ల స్పీడు మీద, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) తిప్పకుండా లాగించేశాడు. చిప్స్ (చెక్కుడు పొట్టు) నీలంగా వస్తున్నాయి. నీలం చిప్ అంటే అక్కడ ఎంత వేడి పుడుతోందో నేను పలక మీద బొమ్మ గీసి మరీ చెప్పాను, జనవరిలో.

ఫినిషింగ్ కట్ (చివరి సన్నకోత) అయ్యీ కాగానే మెషీన్ ఆపి, కాటన్ వేస్టుతో తుడిచి, మైక్రోమీటరు పెట్టాడు. ర్యాచెట్ మూడుసార్లు టిక్ టిక్ మనిపించాడు, పద్ధతిగానే. మైక్రోమీటరు బ్యారెల్ మీద 49.5, తిరిగే థింబుల్ మీద 48వ గీత, అంటే ఇంకో 0.48. మొత్తం 49.98. నా వైపు చూసి నవ్వాడు. నేను ఆ ముక్క మీద వేలి కొస ఆనించి తీసేశాను. గ్లాసులో టీ పోసిన వెంటనే ఎంత కాలుతుందో అంత వేడి ఉంది.

"సల్లార్నియ్యరా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు చెప్పినా ఉపయోగం లేదనుకోండి, తీసేసిన ఇనుము మళ్లీ అతుక్కోదు. చెప్పాల్సింది ఫినిషింగ్ కట్‌కి ముందు. నిజానికి అప్పుడు కూడా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఏమీ అనకుండా "టీ తాగొచ్చి ఒకసారి చూపించు" అన్నాను.

టీ టైము అయ్యి, ముక్క పూర్తిగా చల్లారాక మళ్లీ కొలిచాడు. 49.96. మళ్లీ కొలిచాడు. ఇటు తిప్పి, అటు తిప్పి కొలిచాడు. అదే.

"ఏటి సార్ ఇది? ఇందాక సరిగ్గా ఉంది కదా! మైక్రోమీటరు పాడైపోనాదా?"

"జీరో చూసుకో."

ఆ మైక్రోమీటరు కొలత మొదలయ్యే పాతిక మిల్లీమీటర్ల సెట్టింగ్ రాడ్డు పెట్టి చూశాడు. జీరో గీత మీద గీత కూర్చుంది. వాడి మొహంలో అప్పుడు కనిపించినదాన్ని బాధ అనాలో భయం అనాలో తెలీదు. ఇప్పటిదాకా నమ్మినదేదో కళ్లముందే జారిపోయినట్టు చూశాడు. ఇనుము కుంచించుకుపోతుందని వాడికి తెలుసు, తొమ్మిదో తరగతి సైన్సులోనే రైలు పట్టాల మధ్య ఖాళీ గురించి రాసి మార్కులు తెచ్చుకున్నాడు. కానీ పట్టాలంటే మైళ్ల పొడవు. చేతిలో పట్టే ముక్క కూడా అదే పని చేస్తుందని ఎందుకు అనుకుంటాడు?

అందరినీ పిలిచాను. టీ కెటిల్‌లో మిగిలిన నీళ్లు మళ్లీ కాయించి, గిన్నెలో పోసి, ఆ ముక్కని పది నిమిషాలు అందులో ముంచి పెట్టాం. తీసి తుడిచి, ఈసారి చివరి లేతు అమ్మాయి చేత కొలిపించాను. థింబుల్ 48 దగ్గరికి వచ్చింది. ఎవరో "అమ్మ బాబోయ్" అన్నారు. పలక మీద లెక్క వేశాం. ఉక్కు డిగ్రీకి కోటిలో 115 వంతులు సాగుతుంది. వ్యాసం 50, షెడ్డు వేడి కన్నా ముక్క ఒక 35 డిగ్రీలు ఎక్కువ అనుకుంటే 50ని 0.0000115తో, దాన్ని 35తో గుణించాలి. 0.020 వచ్చింది. పొద్దున వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ పీరియడ్‌లో నిద్రపోయినవాడే ముందుగా చెప్పాడు జవాబు.

కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర చెప్పుకోవాలని 1931లోనే అంతర్జాతీయంగా ఒప్పుకున్నారని చెబితే పకపకా నవ్వారు. మన షెడ్డులో 20 డిగ్రీలంటే డిసెంబరు తెల్లవారుజామునే, అప్పుడు మీరెవరూ రారు అన్నాను. "మరయితే ఏప్రిల్లో చేసే జాబులన్నీ తప్పేనా మాస్టారూ?" అని అడిగిందా అమ్మాయి. మంచి ప్రశ్న. మైక్రోమీటరూ ఉక్కే, జాబూ ఉక్కే. రెండూ కలిసి 36 దగ్గర ఉంటే రెండూ ఒకేలా సాగుతాయి, తేడా పోతుంది. గొడవంతా ఒకటి వేడిగా, ఇంకొకటి చల్లగా ఉన్నప్పుడే. అల్యూమినియం అయితే మళ్లీ వేరే కథ, దాదాపు రెండింతలు సాగుతుంది. అది వచ్చే వారం.

ఈ అమ్మాయి గురించి ఒక మాట. గంట ముందు ఆమె 20 మిల్లీమీటర్ల రాడ్డు మీద 2.5 పిచ్ (గాడికీ గాడికీ మధ్య దూరం) మరలు కోస్తోంది. "హాఫ్ నట్టు వదలకు, మెషీన్ రివర్స్ తిప్పి వెనక్కి తెచ్చుకో" అని మాత్రమే చెప్పి వెళ్లాను. ఎందుకో చెప్పలేదు, ఆ హడావుడిలో కుదరలేదు. తిరిగి వచ్చేసరికి లేతు పక్కనున్న రేకు మీద సుద్దముక్కతో లెక్క రాసి ఉంది. మా లేతులో టూలుని నడిపే లీడ్ స్క్రూ పిచ్ 6, దాన్ని పట్టుకునేదే హాఫ్ నట్టు. మొన్న కోసిన 3 పిచ్ దాంట్లో రెండుసార్లు సరిపోతుంది, హాఫ్ నట్టు ఎక్కడ వేసినా పాత గాడిలోనే పడుతుంది. 2.5 సరిపోదు. 30 దగ్గర గానీ రెండూ కలవవు. క.సా.గు. మొత్తం రేకు మీద కట్టేసింది! అందరికీ అన్నీ విప్పి చెప్పక్కర్లేదని అప్పుడు అనిపించింది. బహుశా అందుకే అనకాపల్లి వాడి దగ్గర కూడా ఊరుకున్నానేమో. కానీ ఆ అమ్మాయికి కనీసం హెచ్చరిక ఇచ్చాను. వాడికి అదీ ఇవ్వలేదు.

వాడు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మెషీన్ల మాట ఎత్తాడు. "సార్, సీఎన్‌సీ అయితే ఈ గొడవ ఉండదు కదా. సైజు కొడితే అదే తీస్తాది."

ఇది ప్రతి బ్యాచ్‌లో ఒకడు అడుగుతాడు, అడగాలి కూడా. రేపు వీళ్లు గాజువాక వైపో, హైదరాబాద్ బాలానగర్ వైపో పోయి నిలబడేది సీఎన్‌సీ ముందే. చెప్పాను: మెషీన్‌కి ముక్క వేడిగా ఉందని తెలీదు. నువ్వు వేడి ముక్కని కొలిచి, మిల్లీమీటరులో రెండు వందో వంతులు ఎక్కువ ఉందనుకుని ఆఫ్‌సెట్ (మెషీన్‌కిచ్చే సైజు సవరణ) మార్చావనుకో. అది నీ మాట తు.చ. తప్పకుండా వింటుంది. ఇక్కడ నువ్వు పాడుచేసింది ఒక్క ముక్క. అక్కడ షిఫ్టు అయ్యేసరికి ట్రే నిండా ఉంటాయి.

తలూపాడు. నమ్మాడో లేదో.

నాకు పని నేర్పిన పెద్దాయన ఆటోనగర్‌లో ఒక చిన్న షాపు నడిపేవాడు. మైక్రోమీటరు పెట్టెలో ఉండేది, తీసేవాడు కాదు. కాలిపరు ముక్క మీద నుంచి జారుతున్నప్పుడు వేళ్లకి తగిలే ఆ చిన్న పట్టుని బట్టి సైజు చెప్పేవాడు. నేను వేడి ముక్క కొలిచిన రోజు ఆయనా చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత ఆ షాఫ్టు ఖరీదు జీతంలో కోశాడు. అప్పుడు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ కాస్త ఉంది. నేర్పడానికి ఊరుకున్నాడా, బద్ధకానికి ఊరుకున్నాడా అని ఎన్నోసార్లు ఆలోచించాను. ఆయన లేడు, అడగలేను. ఇవాళ నా సంగతి కూడా అంత స్పష్టంగా లేదు. ఉక్కపోతకి నోరు విప్పడానికి ఓపిక లేకపోవడాన్ని బోధనాపద్ధతి అని పిలుచుకుంటున్నానా?

పోయిన బ్యాచ్‌లో ఒకణ్ణి ఇలాగే తప్పు చెయ్యనిచ్చాను. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వాళ్ల నాన్న వెంటపెట్టుకొచ్చాడు, "మా వాడికి ఈ పని రాదంట మాస్టారూ" అంటూ. ఒక్క ముక్క పోయినందుకు వాడు తనకి పనే రాదనుకున్నాడు. అది గుర్తుకొచ్చి మధ్యాహ్నం అన్నం సరిగ్గా దిగలేదు.

అందుకని భోజనాలయ్యాక వాణ్ణి పిలిచి నిజం చెప్పేశాను. "నువ్వు వేడి మీద కొలుస్తున్నావని నాకు తెలుసు. చెప్పలేదు." వాడు చాలాసేపు నా మొహంలోకి చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. "ఆ ముక్క ఎంతవుద్ది సార్?" అన్నాడు. నూటయాభై రూపాయల ఇనుము, ఎక్కడికీ పోదు, 48కి తగ్గించి వేరే జాబుకి వాడతాం అన్నాను. స్టోరుకి పోయి ఇంకో ముక్క తెచ్చుకున్నాడు. ఈసారి కూలెంట్ తిప్పాడు. ఫినిషింగ్‌కి ముందు మెషీన్ ఆపి, చేతులు కట్టుకుని, ముక్క వైపు చూస్తూ నిలబడ్డాడు. అలా ఊరికే నిలబడటం పదహారేళ్లవాడికి ఎంత కష్టమో పిల్లలున్నవాళ్లకి తెలుస్తుంది. పక్క లేతు వాడు ముందే ముగించి ఎగతాళి చేశాడు కూడా.

నాలుగున్నరకి అందరూ లేతులు తుడిచి, గైడ్‌వేలకి నూనె రాసి వెళ్లిపోయారు. తాళాలు వేసేముందు ఒక చుట్టు తిరిగాను. సర్ఫేస్ ప్లేటు (కొలతలకి వాడే చదునైన పలక) మీద వాడి షాఫ్టు ఉంది. ఈ సముద్రపు గాలికి రాత్రికి రాత్రే తుప్పు ఎక్కుతుందని నూనె పూసి మరీ పెట్టాడు. పక్కన ప్రాక్టికల్ పుస్తకంలోంచి చింపిన కాగితం, ఎగిరిపోకుండా దాని మీద ఒక నట్టు.

"ముట్టుకోవద్దు. సల్లార్తోంది. రేపు కొలుస్తాను."