ఇరవైతో గుణించడం మరిచిపోయిన ఫిజిక్స్ మాస్టారు

మా బడి పర్యావరణ సమీక్ష మొన్న సోమవారమే పూర్తయింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మేం పట్టుకున్నది ఎకో స్కూల్స్ పద్ధతి, అంటే పిల్లల చేతే బడిని పర్యావరణానికి మేలు చేసేలా మార్పించే కార్యక్రమం. 1992 రియో ధరిత్రీ సదస్సు తర్వాత, 1994లో యూరప్‌లో మొదలైంది. మొత్తం ఏడు మెట్లు. మొదటిది కమిటీ వేయడం. పిల్లలు ఎగబడ్డారు, ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. ఎకో కోడ్, అంటే బడి తనకు తాను రాసుకునే ప్రతిజ్ఞ, దాని వంతు రాకముందే పాట కట్టేశారు. చెత్త తూకం కూడా సరదాగానే నడిచింది.

నన్ను ఏడిపించింది రెండో మెట్టు సమీక్షలో కరెంటు.

ఏడాది బిల్లులు కావాలని ఆఫీసులో అడిగాను. "బిల్లులు మీకెందుకు మాస్టారూ? నాలుగు మొక్కలు నాటించండి, ఫొటో తీయిద్దాం" అన్నారు గుమస్తా గారు. రెండో వారం అడిగితే ఫైలు ఆడిట్‌లో ఉందన్నారు. మూడో వారం హెడ్మాస్టరు గారు పిలిచి, "లెక్కల్లో తేడా ఉందని మీకెవరైనా చెప్పారా?" అని అడిగారు. కరెంటు పొదుపు గురించి అడిగినవాణ్ణి కాస్తా డబ్బు లెక్కలు తవ్వేవాణ్ణయ్యాను.

పౌరుషం వచ్చింది. బిల్లులు లేకపోతేనేం, మీటరు ఉందిగా అనుకున్నాను. శనివారం సాయంత్రం నాలుగింటికి ఒక రీడింగ్, సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఇంకొకటి రాసుకున్నాను. బడి మూసిన ఆ 40 గంటల్లో తేడా సరిగ్గా 3 యూనిట్లు. స్టాఫ్ మీటింగులో లేచి, "సెలవు రోజుల్లో మన బడి దాదాపు ఏమీ వాడడం లేదు" అని గర్వంగా చెప్పాను. చప్పట్లు కూడా పడ్డాయి.

అప్పుడు గుమస్తా గారు నెమ్మదిగా గొంతు సవరించుకుని, "దాన్ని ఇరవైతో గుణించాలి మాస్టారూ. బిల్లు మీదే ఉంటుంది" అన్నారు.

నాకు చూపించని బిల్లు మీద!

ఎక్కువ లోడున్న భవనాల్లో కరెంటంతా నేరుగా మీటర్లోకి పోదు. మధ్యలో కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు, అంటే సీటీలు ఉంటాయి. మావి 100/5. తీగలో 100 ఆంపియర్లు పోతే మీటరుకి అందేది 5. కాబట్టి మా మీటరు చూపేది అసలు వాడకంలో ఇరవయ్యో వంతు. 3 కాదు, 60 యూనిట్లు. అంటే ఎవరూ లేని బడి గంటకి ఒకటిన్నర యూనిట్లు తాగుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ పాఠం ఏటా చెప్పేది నేనే. ఆ మీటింగులో నవ్వినవాళ్లలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్లే.

మీరు ఈ పనికి దిగితే బిల్లులు నోటితో అడగకండి. కాగితం మీద అడిగి, నకలు దగ్గరుంచుకోండి. బిల్లు మీద మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్, అంటే రీడింగ్‌ని ఎంతతో గుణించాలో చెప్పే గడి ఉందేమో ముందు చూడండి. ఫ్యాన్లు ఆపలేదని పిల్లల మీద కేకలేయడం ఆ తర్వాత. మొక్కలంటే నాకు ద్వేషం లేదు, కానీ ఫొటో కోసం నాటిన మొక్కకి ఎండాకాలంలో నీళ్లెవరు పోస్తారో అడిగితే ఎవరూ మాట్లాడరు.

అసలు దొంగల్ని పట్టింది కమిటీ పిల్లలు. ఒక ఆదివారం ఒకమ్మాయి మీటరు ముందు కూర్చుంది. దాని మీది ఎర్ర లైటు పదిహేను సెకన్లకోసారి మిణుకుమంటోంది. వాడకం తగ్గేకొద్దీ అది ఆలస్యంగా వెలుగుతుంది. మిగతావాళ్లు ఒక్కో ప్లగ్గే పీకుతూ వెళ్లారు. రెండు వాటర్ కూలర్లూ ఆపగానే, "సార్, ఇరవై ఎనిమిది లెక్కపెట్టినా వెలగలేదు!" అని అరిచింది. రాత్రంతా, సెలవులంతా, తాగే నోరు లేకుండానే నీళ్లు చల్లబడుతున్నాయన్నమాట. తర్వాత వరండా లైట్లు, కంప్యూటర్ ల్యాబ్.

కూలర్లకి టైమర్లు పెట్టించాం. ల్యాబ్ మెయిన్ స్విచ్ ఆపే బాధ్యత తొమ్మిదో తరగతి తీసుకుంది. మొన్నటి శని, సోమవారాల మధ్య తేడా 0.9. ఈసారి గుణించే చెప్పాను: 18 యూనిట్లు.

ఆ పద్దెనిమిది ఎక్కడ పోతున్నాయో పిల్లలు కనిపెట్టేశారు. ఆఫీసు గదిలో. తాళం గుమస్తా గారి దగ్గరుంది. రేపు కాగితం మీద అడుగుతాను.