మస్టర్డ్ గ్యాస్, మా ఏరేషన్ ట్యాంకు

ఇవాళ జనరల్ షిఫ్టు. పైడిభీమవరంలో బస్సు దిగేసరికే ఎండ చుర్రుమంటోంది. ఈటీపీలో, అంటే ఫ్యాక్టరీ మురికినీళ్లు శుద్ధి చేసే చోట, పొద్దున్నే మొదటి పని, గాలి కొట్టే ఏరేషన్ ట్యాంకులోంచి లీటరు నీళ్లు తీసి కొలగొట్టంలో పోసి అరగంట కదపకుండా వదిలెయ్యడం. గోధుమరంగు బురద మెల్లగా కిందికి దిగి, పైన నీళ్లు తేరుకోవాలి. వాసనా చూస్తాను. తడిసిన మట్టి వాసనొస్తే లోపల మురికిని తినే బ్యాక్టీరియా బాగున్నట్టే. ఇవాళ బాగానే ఉంది.

బురద దిగేలోగా రాత్రి చదివిందే బుర్రలో తిరిగింది. అమెరికా తన రసాయన ఆయుధాల్ని నాశనం చేసిన సంగతి. కొలరాడోలోని ప్యూబ్లోలో మస్టర్డ్ అనే విషం నింపిన ఫిరంగి గుండ్లే 7,80,000కు పైగా ఉండేవట. చర్మానికి తగిలితే వెంటనే తెలీదు, కొన్ని గంటలయ్యాక బొబ్బలెక్కుతుంది. ఆ గుండ్లని రోబోలతో విప్పి, లోపలి విషాన్ని వేడినీళ్లతో విరగ్గొట్టి, మిగిలిన నీళ్లని బ్యాక్టీరియాకి అప్పగించారు. అంటే మేం చేసే పనే! అక్కడి జాగ్రత్తలు వేరు, సరుకు వేరు. కానీ గాలి కొట్టి, మేత వేసి, ఆ జీవుల్ని చావకుండా కాచుకోవడం ఎక్కడైనా ఒకటే. చదువుతుంటే ఒళ్లు పులకరించింది.

మన దగ్గరా ఉండేవి. 1997లో రసాయన ఆయుధాల్ని నిషేధించే ఒప్పందం అమల్లోకి రాగానే 1,044 టన్నుల మస్టర్డ్ ఉందని మన దేశం చెప్పేసి, 2009కల్లా అంతా నాశనం చేసింది. రష్యా 2017లో ముగించింది. అమెరికా మాత్రం 2012 గడువు దాటేసి, 2023 జులై 7న కెంటకీలోని బ్లూ గ్రాస్‌లో సారిన్ అనే నరాల విషం నింపిన ఆఖరి రాకెట్‌ని తీసేసింది.

ఇంత ఆలస్యమా అనొచ్చు. ఆ ఆలస్యంలో కొంత నాకు నచ్చింది. 1980ల్లో అక్కడ కాల్చేస్తామంటే చుట్టుపక్కల జనం ఒప్పుకోలేదు. గొట్టంలోంచి వచ్చే పొగ మా పిల్లలు పీల్చాలా అని ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి కాల్చే బట్టీ రాలేదు, విషాన్ని రసాయనాలతో విరగ్గొట్టే ప్లాంటే వచ్చింది.

మధ్యాహ్నం మాక్ డ్రిల్ సైరన్ మోగింది. సాయంత్రం బస్టాపులో ముంజెలమ్మే అప్ప గాభరాగా అడిగింది: "ఏటి బాబూ, ఏటైనా లీకయిందేటి?"

"లేదప్పా, ప్రాక్టీసే" అన్నాను.

"మరి మాకో మాట సెప్పొచ్చు కదా? సైరన్ ఇని పిల్లల్నట్టుకుని పరిగెట్టీసినాం."

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ లీకై, నిద్రలో ఉన్నవాళ్లు ఎలా కుప్పకూలారో ఇక్కడ అందరూ టీవీలో చూసినవాళ్లే. అది ఆయుధం కాదు, ప్లాస్టిక్ తయారీలో వాడే సరుకు. పీల్చినవాడికి ఆ తేడాతో పనేముంది?

షెడ్డు మీద ఎగిరే విండ్ సాక్, అంటే గాలివాటం చూపే గుడ్డ గొట్టం, చూపించి, గాలి ఎటు పోతోందో ఎలా పోల్చాలో, దానికి అడ్డంగా ఎందుకు నడవాలో చెప్పాను. బస్సొచ్చినా ఎక్కలేదు. తన కొడుకుని కూడా పిలిచి మళ్లీ చెప్పించింది.

వచ్చే డ్రిల్‌కి ముందే ఊళ్లో టముకు వేయించాలని, మా దగ్గర ఏయే సరుకులున్నాయో గేటు బయట తెలుగులో బోర్డు పెట్టాలని సేఫ్టీ కమిటీకి కాగితం రాశాను. రేపు పొద్దున్నే ఇస్తాను.